రాయబారుల ఉత్తరాలు – 1756

రాయబారం అంటే మన తెలుగువాళ్ళకు మొదట తలపుకు వచ్చేది కురుసభ. తిరుపతి వేంకటకవుల నాటకాల పుణ్యమా అని, పద్యం పాడలేనివాడికి కూడా శ్రీకృష్ణ రాయబారం తెలుసు. పరాయిదేశంలో ఏ స్కూలు హాలో అద్దెకు తీసుకుని ఉగాది జరుపుకున్నా, ఎవరో ఒకరు లేచి ఆ ఘట్టం అందుకోవలసిందే. ఆ రాయబారాల్లో ఒక సదుపాయం ఉన్నది. ద్రుపదుని పురోహితుడు గాని, సంజయుడు గాని, సాక్షాత్తు శ్రీకృష్ణుడు గాని వెళ్ళి ఎదుట నిలబడి మాట్లాడతారు. విన్నవారు నవ్వినా, మొహం చిట్లించినా, తల దించుకున్నా వెంటనే కనిపిస్తుంది. జవాబు అక్కడికక్కడే వస్తుంది.

పద్దెనిమిదవ శతాబ్దపు యూరపులో పద్ధతి వేరు. రాయబారి పరాయి రాజధానిలో ఏళ్ళ తరబడి కాపురం ఉంటాడు. విందులకు పోతాడు, పేకాడతాడు, చెవి ఒగ్గి వింటాడు, ఇంటికి వచ్చి టపా వేళకు ఉత్తరం రాస్తాడు. ముఖ్యమైన ముక్కలను అంకెల సంకేతంలోకి మారుస్తాడు. ఆ ఉత్తరం గుర్రం మీద పోతుంది. దారిలో ఎవరో లక్క ముద్ర విప్పి, నకలు తీసుకుని, ఏమీ ఎరగనట్లు మళ్ళీ అంటించి పంపుతారు. (లండనులో ఈ సంకేతాలు విప్పే శాఖకు పెద్ద ఎడ్వర్డ్ విల్లెస్ అనే ఆయన. బాత్ అండ్ వెల్స్ బిషప్పు కూడా ఆయనే. ఆదివారం ప్రసంగం, తక్కిన రోజుల్లో ఊరివాళ్ళ ఉత్తరాలు.) చేరవలసినచోటికి చేరాక మంత్రి చదివి జవాబు రాస్తాడు. ఆ జవాబు వచ్చేసరికి అడిగిన ప్రశ్న పాతబడి ఉంటుంది.

ఈ ఉత్తరాలను సాక్ష్యంగా వాడుకోవడం చరిత్రకారుల పని. మేము చరిత్రకారులము కాము, చదువరులము మాత్రమే. 1756లో యూరపు మైత్రులు తలకిందులై, ఏడేళ్ళ యుద్ధం మొదలైన ఆ కొద్ది నెలల ఉత్తరాలను వచన రచనలుగా చదివి, ఎవరి కలానికి ఎంత చూపు ఉన్నదో తూచి చూడాలని మా కోరిక. బాగా రాసినవాడు బాగా చూశాడా? ఈ ప్రశ్నకు మేము మొదట అనుకున్న జవాబు వేరు, చదివిన తర్వాత దొరికినది వేరు.

కథ క్లుప్తంగా చెప్పుకోవాలి. 1740 డిసెంబరులో, తండ్రి పోయి ఏడాది తిరక్కుండానే, ప్రష్యా రాజు రెండవ ఫ్రెడరిక్ ఆస్ట్రియా పాలకురాలు మరియా థెరీసా చేతిలోనుంచి సైలీషియా అనే సంపన్నమైన సీమను లాక్కున్నాడు. ఎనిమిదేళ్ళ యుద్ధం తర్వాత 1748లో ఎక్స్-లా-షాపెల్ సంధి ఆ సీమను అతనికే ఖాయం చేసింది. అప్పటికి బ్రిటన్, ఆస్ట్రియా ఒక జట్టు. ఫ్రాన్సు, ప్రష్యా ఇంకొక జట్టు. ఎనిమిదేళ్ళు తిరిగేసరికి పేకాటలో జోడీలు మారినట్లు జట్లు మారిపోయాయి. 1756 జనవరి 16న వెస్ట్‌మిన్‌స్టర్ ఒప్పందంతో బ్రిటన్, ప్రష్యా చేతులు కలిపాయి. మే 1న వెర్సాయి ఒప్పందంతో, రెండు శతాబ్దాలకు పైబడిన పగను పక్కన పెట్టి, ఫ్రాన్సు, ఆస్ట్రియా చేతులు కలిపాయి. ఆగస్టు 29న ఫ్రెడరిక్ సేనలు శాక్సనీ సరిహద్దు దాటాయి. ఇంత పెద్ద మార్పును కళ్ళారా చూస్తూ, చేతులారా చేస్తూ ఉన్న మనుషులు ఆ ఎనిమిది నెలల్లో ఏమి రాసుకున్నారు?

మొదట ఫ్రెడరిక్ గురించే చెప్పాలి. అతని రాజకీయ లేఖలను బెర్లినులో 1879 నుంచి సంపుటాలుగా వేయడం మొదలుపెట్టారు; అవి నలభై దాటాయి. జర్మనుల రాజు అన్నమాటే గాని రాసినదంతా ఫ్రెంచిలో. పొద్దున్నే కార్యదర్శి ఐఖెల్‌కు చెప్పి రాయించడం, అవసరమైతే చివర తన చేతితో రెండు ముక్కలు చేర్చడం అలవాటు. ఆ వచనం చదివితే ముచ్చట వేస్తుంది. పొట్టి వాక్యాలు, ఒక వాక్యంలో ఒకటే ఆలోచన. ఇది జరిగితే మీరు ఇలా చేయండి, అది జరిగితే అలా చేయండి, తక్కినదంతా అనవసరం. గుమాస్తా భాష లేదు, పొగడ్త లేదు. రాజు ఉత్తరం ఎలా ఉండాలో నేర్చుకోదలచినవాడికి అదొక పాఠ్యపుస్తకం.

అయితే ఇంత తేటగా రాయగలిగినవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. తన వాక్యం ఎంత తేటగా ఉన్నదో లోకం కూడా అంత తేటగా ఉన్నదని నమ్ముతాడు. 1755 చివర, 1756 మొదట అతడు రాసిన ఉత్తరాల్లో మూడు లెక్కలు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. రష్యా బ్రిటిష్ సొమ్ము చూసి ఆడుతుంది గనుక, బ్రిటనుతో ఒప్పందం చేసుకుంటే రష్యా కూడా కట్టుబడుతుందన్నది మొదటిది. ఫ్రాన్సు కాస్త అలిగినా చివరకు సర్దుకుపోతుందన్నది రెండవది. ఫ్రాన్సు, ఆస్ట్రియా ఒక్కటి కావడం ప్రకృతి విరుద్ధమన్నది మూడవది. మూడు లెక్కలూ తప్పాయి. తప్పిన ఆ మూడింటినీ చెప్పిన తీరు మాత్రం అమోఘం. అతనితో గడువు ముగియబోతున్న మైత్రిని తిరగరాసుకోవడానికి ఫ్రెంచి ప్రభువు నివెర్నే ఆ జనవరిలోనే బెర్లిను వచ్చి కూర్చున్నాడు. ఫ్రెడరిక్ ఆయనకు మర్యాదలకు లోటు చేయలేదు, ఇంగ్లీషువారితో తాను కుదుర్చుకున్న ఒప్పందాన్ని కూడా దాచలేదు. దాచకపోవడమే స్నేహమని అతని ఉద్దేశం కాబోలు! పెళ్ళిచూపులకు వచ్చినవారికి వేరేచోట కుదిరిన లగ్నపత్రిక చూపించినట్లయింది. వెర్సాయిలో దానిని అవమానంగా తీసుకున్నారు.

ఇంగ్లీషు ప్రధాని న్యూకాసిల్ ప్రభువు వచనం దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఆయన కాగితాలు బ్రిటిష్ లైబ్రరీలో వందల సంపుటాలుగా ఉన్నాయి. ప్రతి ఉత్తరంలోనూ కంగారు, గీతలు కొట్టిన మాటలు, ఒక వాక్యం పూర్తికాకముందే ఇంకొక భయం. పండితులు ఆయనను చూసి నవ్వడం రెండు వందల ఏళ్ళుగా ఆనవాయితీ. మేమూ నవ్వాము. కాని ఆయన కంగారులో ఒక మేలు ఉన్నది: ఏమి కొంటున్నాడో, ఎంతకు కొంటున్నాడో దాచుకోలేడు. రాజు రెండవ జార్జి సొంతగడ్డ హానోవరు జర్మనీలో ఉన్నది. అమెరికాలో ఫ్రెంచివారితో పోరు మొదలైతే వాళ్ళు వచ్చి హానోవరును పట్టుకుంటారన్నది బెంగ. ఆ బెంగకు మందుగా 1755 సెప్టెంబరులో రష్యాతో బేరం కుదిరింది. 55 వేలమంది సైనికులను సరిహద్దులో సిద్ధంగా ఉంచినందుకు ఏటా లక్ష పౌనులు, కదలవలసి వస్తే ఏటా 5 లక్షలు. ఆ తర్వాత అదే బెంగకు రెండవ మందుగా ప్రష్యాతో ఒప్పందం. రెండు మందులూ ఒకదానికొకటి పడవేమోనన్న అనుమానం ఆయన ఉత్తరాల్లో అక్కడక్కడ తల ఎత్తుతుంది. ఫ్రెడరిక్ ఉత్తరాల్లో ఆపాటి అనుమానానికి చోటు లేదు.

ఆ బేరాన్ని పీటర్స్‌బర్గులో కుదిర్చినవాడు సర్ చార్లెస్ హాన్‌బరీ విలియమ్స్. ఈయన అసలు వ్యంగ్యకవి. లండనులో పెద్దమనుషుల మీద చాటువులు చెప్పి పేరు, శత్రువులు రెండూ సంపాదించుకున్నాడు. అందరిలోకి సరదాగా చదివించే ఉత్తరాలు ఈయనవే. దర్బారు ఎలా ఉన్నదో, మహారాణి ఎలిజబెత్ ఎప్పుడు లేస్తుందో, ఛాన్సలర్ బెస్తూజెవ్ ఏమి ఆశిస్తున్నాడో, అన్నీ కళ్ళకు కడతాడు. ఆ సెప్టెంబరు ఒప్పందం తన జీవితంలోకెల్లా గొప్ప విజయమని అనుకున్నాడు. నాలుగు నెలలు తిరగకముందే, తన సొంత ప్రభుత్వమే ప్రష్యాతో చేసుకున్న ఒప్పందం ఆ విజయాన్ని మింగేసింది. రష్యా డబ్బు తీసుకోవడానికి ఒప్పుకున్నది ప్రష్యా మీదికి పోవడానికి. ఫిబ్రవరిలో ఎలిజబెత్ సంతకం చేస్తూ, ప్రష్యా మీదికైతేనే తన సేన కదులుతుందని షరతు చేర్చింది. అంటే బ్రిటన్ దేనికి కొన్నదో దానికి ఆ సరుకు పనికిరాదు. ఇంత జరిగినా విలియమ్స్ ఉత్తరాల్లో ధీమా తగ్గదు. బెస్తూజెవ్ తన గుప్పిట్లో ఉన్నాడు, యువరాణి కేథరిన్ తన పక్షాన ఉన్నది, అన్నీ చక్కదిద్దుతాను అన్న ధోరణే. కేథరిన్‌తో ఆ వేసవి నుంచి నడిపిన రహస్య లేఖల్లో, ఎవరి చేతిలో పడినా గుర్తుపట్టకుండా ఆమె తనను మగవాడిగా పేర్కొనేది. ఆ ఉత్తరాలు ఒక నవలకు సరిపోతాయి. అయినా మా తీర్పు చెప్పక తప్పదు. అందరికన్న చమత్కారంగా రాసిన ఈయనే అందరికన్న తక్కువ చూశాడు. తన వాక్యం మీద తనకు మోజు ఎక్కువ. పాపం, 1759లో మతి చెడి పోయాడు.

వియన్నాలో కౌనిట్స్ వేరే జాతి మనిషి. కిటికీ తెరిస్తే గాలి తగులుతుందని భయపడేవాడు. భోజనం అయ్యాక బల్ల దగ్గరే కూర్చుని, ఎవరున్నా లక్ష్యపెట్టక, పళ్ళు తోముకునేవాడు. సైలీషియా తిరిగి రావాలంటే పాత శత్రువు ఫ్రాన్సును స్నేహితుడిగా చేసుకోవలసిందేనని 1749లోనే రాసి పెట్టాడు. ఆనాటి తోటి మంత్రులకు అది పిచ్చిగా తోచింది. ఆరేళ్ళు ఆగాడు. 1755 సెప్టెంబరులో అతని రాయబారి స్టార్‌హెంబర్గ్, ఫ్రెంచి రాజుగారి ప్రియురాలు పాంపదూర్ మేడకు చేరువలోని చిన్న ఇంట్లో, అబ్బే బెర్నీని రహస్యంగా కలుసుకున్నాడు. ఫ్రెంచి మంత్రులలో చాలామందికి ఆ సంగతే తెలియదు. కౌనిట్స్ స్టార్‌హెంబర్గ్‌కు పంపిన ఆదేశాల్లో రసం లేదు, చమత్కారం లేదు. పొడుగాటి వాక్యాలు, లోపల మరీ పొడుగాటి సంచయాలు. ఒకటే గుణం, ఓర్పు. ఎదుటివాడికి ఏ ఆలోచన రావాలో ఆ ఆలోచన తనంతట తనకే వచ్చిందని వాడు అనుకునేదాకా ఆగుతాడు. ఫ్రెడరిక్ జనవరిలో చేసిన పొరపాటు లేకపోతే ఈ ఓర్పు ఎంతకాలం పనిచేసేదో చెప్పలేము. అయితే పొరపాటు జరిగిన రోజున అందుకోవడానికి సిద్ధంగా ఉన్నవాడు ఆయన ఒక్కడే.

ఇక ఆండ్రూ మిచెల్. ఈయన కోసమే ఈ వ్యాసం రాయాలనిపించింది. స్కాట్లండువాడు, పార్లమెంటు సభ్యుడు. 1756 మేలో బ్రిటిష్ ప్రతినిధిగా బెర్లిను వచ్చాడు. లండనులోని మంత్రి హాల్డర్‌నెస్‌కు ఈయన రాసిన ఉత్తరాల్లో అలంకారం వెదికినా దొరకదు. రాజు ఏమన్నాడో రాస్తాడు. దానికి తాను ఏమన్నాడో రాస్తాడు. రాజు మొహం ఎలా ఉన్నదో రాస్తాడు. అంతే. జూలైలో, ఆస్ట్రియా సేనలు కదులుతున్నాయన్న వార్తల నడుమ, ఫ్రెడరిక్ ఆయన ముందు ఉడికిపోయి, తన ముక్కు చిటికెలు వేయించుకునే ముక్కులాగా కనిపిస్తున్నదా అని అడిగాడట. మరియా థెరీసా చిత్రపటం వైపు చూపించి, ఆ అమ్మగారికి యుద్ధం కావాలి, త్వరలోనే ఇస్తానన్నాడట. మిచెల్ ఈ మాటలన్నీ అలాగే రాసి పంపాడు. అవి రాజు ఉత్తరాల్లో కనిపించవు. రాజు సొంత ఉత్తరాల్లో కనిపించే ఫ్రెడరిక్ లెక్కలు వేసేవాడు. మిచెల్ ఉత్తరాల్లో కనిపించే ఫ్రెడరిక్ అవమానం భరించలేక కాళ్ళు నేలకు తన్నుతున్న మనిషి. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివితేగాని యుద్ధం ఎందుకు వచ్చిందో తెలియదు.

తొందరపడవద్దని, ముందు మరియా థెరీసానే నేరుగా అడగమని సలహా ఇచ్చినవారిలో మిచెల్ ఒకడు. అక్కడ మొదలైంది మూడు ప్రశ్నల కథ. ఆధునిక యూరపులో ఉద్యోగపర్వం అంటూ ఉంటే అది ఇదే. జూలై 18న ఫ్రెడరిక్ వియన్నాలోని తన రాయబారి క్లింగ్‌గ్రాఫెన్‌కు ఆదేశం పంపాడు: ఈ సన్నాహాలు నా మీదికేనా అని మహారాణిని అడుగు. జూలై 26న దర్శనం దొరికింది. ఆమె ఒక కాగితం తీసి చదివింది. పరిస్థితులు విషమంగా ఉన్నాయి గనుక తన క్షేమం కోసం, తన మిత్రుల క్షేమం కోసం జాగ్రత్తలు తీసుకుంటున్నాననీ, ఇందులో ఎవరికీ హాని తలపెట్టలేదనీ దాని సారాంశం. కౌనిట్స్ రాసిచ్చిన ఆ రెండు వాక్యాలను మేము పదే పదే చదివాము. అబద్ధం ఒక్క ముక్క లేదు, జవాబూ లేదు. సంజయుడి రాయబారంలోనూ ఇదే విద్య: మాట తీయన, చేతిలో ఏమీ లేదు.

ఆగస్టు 2న ఆ జవాబు ఫ్రెడరిక్‌కు చేరింది. రెండవ ప్రశ్న బయలుదేరింది. ఈ ఏడాది గాని, వచ్చే ఏడాది గాని నా మీదికి రానని మాట ఇవ్వాలి. సోదె చెప్పినట్లు కాకుండా స్పష్టంగా చెప్పాలి. వియన్నాలో, ప్రశ్న కాగితం మీద రాసి ఇవ్వండన్నారు. దానికి కొన్నాళ్ళు. జవాబు 25న వచ్చింది. రష్యాతో కలిసి దాడి చేయడానికి ఒప్పందం ఏదీ లేదన్నారు గాని, అడిగిన మాట ఇవ్వలేదు. మూడవ ప్రశ్న పంపుతూనే అతడు సేనలను కదిలించాడు. మూడవ జవాబు వచ్చేటప్పటికి సెప్టెంబరు. అప్పటికి శాక్సనీ అతని చేతిలో ఉన్నది.

ఇంటినుంచి నీలి ఏరోగ్రాము రావడానికి పది పన్నెండు రోజులు పట్టిన కాలం మనలో పెద్దవారికి జ్ఞాపకం ఉంటుంది. నాన్నగారికి ఒంట్లో బాగా లేదన్న ఉత్తరం మన చేతికి వచ్చేటప్పటికి ఆయన లేచి పొలం వెళ్ళి ఉండవచ్చు, లేదా అంతా అయిపోయి ఉండవచ్చు. చదువుతున్న క్షణాన రెండూ నిజమే. మనం ఆ ఉత్తరం పట్టుకుని ఊరికే కూర్చున్నాము. చేయగలిగింది ఏమీ లేదు గనుక. ఫ్రెడరిక్ చేతి కింద లక్షన్నర సైన్యం ఉన్నది. అతడు ఊరికే కూర్చోలేదు.

కూర్చోలేకపోవడానికి ఇంకొక కారణం కూడా ఉన్నది. అతని బల్ల మీద తన రాయబారుల ఉత్తరాలతో పాటు ఇతరుల రాయబారుల ఉత్తరాలు కూడా ఉన్నాయి. డ్రెస్డెనులో శాక్సనీ కార్యాలయపు గుమాస్తా, ఫ్రీడ్రిఖ్ విల్‌హెల్మ్ మెన్‌జెల్ అనేవాడు, అప్పుల్లో మునిగి ప్రష్యా రాయబారికి లొంగాడు. బీరువాలకు మారు తాళంచెవులు చేయించి ఇచ్చారు. కొన్నేళ్ళపాటు శాక్సనీ మంత్రి బ్రూల్‌కు వియన్నా, పీటర్స్‌బర్గుల నుంచి వచ్చే కాగితాల నకళ్ళు ఫ్రెడరిక్‌కు చేరుతూ వచ్చాయి. బెర్లినులోని ఆస్ట్రియా కార్యాలయంలోనూ ఒక కార్యదర్శి అమ్ముడుపోయాడు. పీటర్స్‌బర్గులోని డచ్చి రాయబారి హేగుకు రాసిన నివేదికల నకలు కూడా దొరికేది. రష్యా, ఆస్ట్రియా ఈ ఏటి దాడిని వచ్చే వసంతానికి వాయిదా వేశాయని అతనికి తెలిసింది ఆ దారినే. అది నిజం కూడా. రష్యా 1756 వసంతంలోనే దాడికి నిశ్చయించింది. వియన్నా ఏడాది ఆగమన్నది.

ఇక్కడే మా అసలు అభ్యంతరం. దొంగిలించిన ఉత్తరానికి ఒక ప్రత్యేకమైన మోసం ఉన్నది. అది దొంగ ఉత్తరం కాదు, అందులో రాసింది రాసినవాడు నిజంగా రాసినదే. మనకు చూపించడానికి రాసింది కాదు గనుక అదే పరమ సత్యమని నమ్ముతాము. కాని ఆ ఉత్తరం కూడా ఎవరో ఒకరిని మెప్పించడానికి, బెదిరించడానికి, ఆశ పెట్టడానికి రాసినదే. బ్రూల్ మిత్రులకు ఫ్రెడరిక్ మీద చాడీలు రాశాడు. ప్రష్యా విడిపోతే తనకు ఒక ముక్క దక్కాలని ఆశపడ్డాడు. దాడి ఒప్పందం మీద మాత్రం సంతకం పెట్టలేదు. పెట్టేంత ధైర్యం అతనికి లేదు. ఉత్తరాల్లో ఆశ కనిపిస్తుంది, పిరికితనం కనిపించదు. పిరికితనం ఎవరూ రాసుకోరు గదా! ఎదుట నిలబడి చూసినవాడికైతే అదే ముందు కనిపించేది.

శాక్సనీలో దిగగానే ఫ్రెడరిక్ చేసిన మొదటి పనులలో ఒకటి ఆ కాగితాల అసలు ప్రతులను పట్టుకోవడం. చేతిలో ఉన్నవి నకళ్ళు. లోకానికి చూపాలంటే అసలు కావాలి. శాక్సనీ పాలకుడి భార్య, పోలండు రాణి మరియా యోసేఫా, కాగితాలున్న గది తలుపుకు అడ్డం నిలబడిందని ప్రసిద్ధి. ఆమెను తప్పించి తీసుకున్నారు. హెర్ట్స్‌బర్గ్ అనే అధికారి వాటిలోనుంచి ఏరి కూర్చిన ‘మెమ్వార్ రెజొనే’ ఆ శరత్కాలంలోనే అచ్చయింది. ఒక ప్రభుత్వం ఇంకొక ప్రభుత్వపు రహస్య లేఖలను, యుద్ధం న్యాయమని చూపడానికి, ఇంత త్వరగా అచ్చు వేసిన సందర్భాలు అరుదు. సంపాదకుడిగా హెర్ట్స్‌బర్గ్ పనితనాన్ని మెచ్చుకోవచ్చు. ఒక్క మాట కల్పించలేదు. ఏది వదిలిపెట్టాలో మాత్రం అతనికి బాగా తెలుసు.

ఇక ఫలితం. వెర్సాయి ఒప్పందం అప్పటికి ఆత్మరక్షణకు మాత్రమే. ఒకరి మీదికి ఎవరైనా వస్తే రెండవవారు 24 వేలమందిని పంపాలి. ఫ్రెంచి యువరాజు భార్య శాక్సనీ ఆడపడుచు. పుట్టింటి మీద పడ్డాడని వెర్సాయిలో గోల. 1757 మే 1న రెండవ ఒప్పందంతో ఫ్రాన్సు లక్షకు పైగా సైన్యంతో యుద్ధానికి కట్టుబడింది. ఫ్రెడరిక్ చదివిన ఉత్తరాల్లో ఏ జట్టును చూసి భయపడ్డాడో, ఆ జట్టు పూర్తిగా బిగిసింది అతడు కదిలిన తర్వాతనే. మెన్‌జెల్ గుమాస్తా పట్టుబడి, జీవితఖైదీగా కోనిగ్‌స్టయిన్ కోటలో 1796లో చనిపోయాడు. ఫ్రెడరిక్ పోయిన పదేళ్ళకు.

ఈ ఉత్తరాలనే చదివి పండితులు తర్వాత తగవులాడుకున్నారు. 1871లో రాంకే, ఫ్రెడరిక్ గత్యంతరం లేక కత్తి దూశాడన్నాడు. 1894లో మాక్స్ లేమన్, కాదు, శాక్సనీని మింగాలన్న కోరిక అతనికి మొదటినుంచీ ఉన్నది, రెండు దాడులు ఎదురెదురుగా వచ్చి ఢీకొన్నాయని రాసేసరికి జర్మనీలో పెద్ద దుమారం లేచింది. 1752లో ఫ్రెడరిక్ వారసుల కోసం రహస్యంగా రాసి పెట్టిన రాజకీయ వీలునామాలో శాక్సనీ కలిస్తే ఎంత మేలో చెప్పిన మాట నిజమే. ఇంగ్లీషు చరిత్రకారుడు హెర్బర్ట్ బటర్‌ఫీల్డ్ ఈ తగవు చరిత్రనే ఒక వ్యాసంగా రాశాడు. ఒక్కొక్క దేశపు దస్తావేజులు తెరిచినప్పుడల్లా కథ ఎలా మారిందో అందులో చూడవచ్చు. మా మట్టుకు మాకు భయమూ, కోరికా ఒకే మనిషిలో ఉండడంలో వింత కనిపించదు. పక్కవాడి పొలం మీద కన్నువేసినవాడికే పక్కవాడు తన గట్టు జరుపుతాడన్న అనుమానం ఎక్కువ.

మన తీరం మాట కూడా చెప్పుకోవాలి. ఫ్రెడరిక్ సైలీషియా దోపిడీ వల్ల కోరమండల్ తీరంలో కూడా మనుషులు కొట్టుకు చచ్చారన్న అర్థం వచ్చేలా మెకాలే ఒక వాక్యం రాశాడు. స్కూల్లో ఇంగ్లీషు చదువుకున్న పాతతరం వారికి అది కంఠస్థం. చదవడానికి గంభీరంగా ఉంటుంది, నిజం సగమే. మన దగ్గరి తగవులకు మన దగ్గరి కారణాలు ఉన్నాయి. ఫ్రెడరిక్ వియన్నాకు ప్రశ్నలు పంపుతున్న ఆ 1756 జూలై, ఆగస్టులలోనే, సలాబత్ జంగ్ కొలువునుంచి బర్తరఫ్ అయిన ఫ్రెంచి సేనాని బుస్సీ హైదరాబాదులో చార్‌మహల్ పట్టుకుని కూర్చున్నాడు. దానికీ వెర్సాయి ఒప్పందానికీ సంబంధం లేదు. 1757 జనవరిలో బొబ్బిలిలో కాలిన ఇళ్ళకు కూడా కౌనిట్స్ బాధ్యుడు కాడు. కాని యుద్ధం ప్రకటించాక ఆ తగవులన్నీ ఈ పద్దులో చేరిపోయాయి. విజయనగరం ఆనందగజపతి రాజు ఇంగ్లీషువారిని పిలిచాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తిలో ఫోర్డ్ ఫ్రెంచివారిని ఓడించాడు. 1759 ఏప్రిల్ 8 తెల్లవారేసరికి బందరు కోట ఇంగ్లీషువారిదైంది.

లండను, బెర్లిను, వియన్నాల నడుమ తిరిగిన ఆ ఎనిమిది నెలల ఉత్తరాల్లో ఈ ఊళ్ళ పేర్లు వెదికాము. మాకు కనిపించలేదు. యూరపు మహాసంధిలో దక్కను ప్రస్తావన కనిపించేది 1763 ఫిబ్రవరి 10 నాటి పారిస్ సంధి పదకొండవ అధికరణంలో. సలాబత్ జంగ్‌ను దక్కనుకు న్యాయమైన సుబేదారుగా ఇద్దరు రాజులూ అంగీకరిస్తారని అందులో రాసుకున్నారు. అప్పటికే ఆయనను తమ్ముడు నిజాం అలీ గద్దె దించి బీదరు కోటలో పెట్టాడు. ఆ సెప్టెంబరులో అక్కడే ఆయన చనిపోయాడు; చంపించారని ప్రసిద్ధి. ఉత్తరం ఆలస్యమైతే ఏమవుతుందో చెప్పడానికి ఫ్రెడరిక్ మూడవ ప్రశ్న కన్న ఇది పెద్ద ఉదాహరణ.

సైలీషియా రైతు గాని, డ్రెస్డెను పౌరుడు గాని, బందరు సిపాయి గాని ఈ లేఖావాఙ్మయంలో మనుషులుగా కనిపించరు. సంఖ్యలుగా కనిపిస్తారు, 55 వేలు, 24 వేలు అని. మిచెల్‌కు ఇందులో కొంత మినహాయింపు ఇవ్వాలి. రాజుగారి వెంట యుద్ధభూములలో తిరిగినవాడు గనుక, మిత్రరాజు సేనలే 1760లో డ్రెస్డెను మీద గుండ్లు కురిపించినప్పుడు, తలుచుకుంటేనే ఒళ్ళు గగుర్పొడుస్తున్నదని రాయగలిగాడు. తక్కిన మంత్రులెవరూ తమ ఉత్తరాల ఫలితాన్ని అంత దగ్గరగా చూడలేదు.

చదవాలనుకున్నవారికి ఒక సూచన. ఫ్రెడరిక్ సంపుటాలకు ఫ్రెంచి రావాలి, ఓపిక కూడా కావాలి. మిచెల్ కాగితాలను 1850లో ఆండ్రూ బిసెట్ ఇంగ్లీషులో రెండు సంపుటాలుగా వేశాడు. పెద్ద విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో అడిగితే దొరకవచ్చు. అక్కడే మొదలుపెట్టండి. ముక్కు సంగతి మొదటి సంపుటంలోనే వస్తుంది.